పేపర్లో వచ్చిందంటే నమ్మాలా? – ఫోన్-ఇన్ కార్యక్రమం

(విశాఖపట్నం, ఆదివారం ఉదయం ప్రసారానికి లిఖిత ప్రతి. శ్రోతల పేర్లు తీసేసి వాళ్లుండే చోటు మాత్రం ఉంచాం. అతిథి ఒక దినపత్రిక డెస్కులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన సబ్ ఎడిటర్.)

యాంకర్: శ్రోతలందరికీ నమస్కారం. సైన్సు, పోలీసు, ఉద్యోగాల వార్తల్లో ఏది నమ్మాలి, ఏది ఆగి చూడాలి అన్నది ఈవేళ మాట్లాడుకుందాం. సార్, నమస్కారం.

అతిథి: నమస్కారమమ్మా. ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను డాక్టర్ని కాదు, లాయర్ని కాదు. వార్త ఎలా తయారవుతుందో మటుకు తెలుసు. ఏ వార్త చదివినా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు చెప్పారు? ఆయనకెలా తెలిసింది? ఈ గంటలో ఈ మాట పదిసార్లు అంటాను, ఏమీ అనుకోకండి.

యాంకర్: మొదటి ఫోన్ పెద జాలారిపేట నుంచి. చెప్పండమ్మా.

పెద జాలారిపేట: సార్, మేం ఎండుచేపలు అమ్ముతాం. వాట్సాప్‌లో ఒకటి తిరుగుతోంది. ఎండుచేప తింటే క్యాన్సరంట, సిగరెట్టుతో సమానమంట, ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పిందంట. బేరానికొచ్చినోళ్లు ఫోన్ తీసి నాకే చూపిస్తున్నారు.

అతిథి: ఎవరు చెప్పారు? ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ పరిశోధనకు వేరే విభాగం ఉంది, ఫ్రాన్సులో. వాళ్లు చెప్పిన మాట నిజమే. కానీ ఏ చేప గురించి చెప్పారు? ‘చైనా పద్ధతి ఉప్పుచేప’ గురించి. దక్షిణ చైనాలో కొన్నిచోట్ల చేపకు ఉప్పు పట్టించేముందు కాస్త మెత్తబడి పాడయ్యేదాకా ఉంచుతారు. పాలు మాన్పించే వయసు పిల్లలకు కూడా అన్నంలో కలిపి పెడతారు. ముక్కు వెనక, గొంతు పైభాగంలో వచ్చే ఒక రకం క్యాన్సర్‌కు దానితో సంబంధం ఉందని 1993లోనే తేల్చారు. మిగతా ఉప్పుచేపల సంగతేమిటంటే, అవునని గానీ కాదని గానీ చెప్పడానికి ఆధారాలు చాలవని వేరే గుంపులో పెట్టారు. మీ నెత్తళ్లలాంటి ఎండుచేపలు ఆ రెండో గుంపులో ఉన్నాయి.

పెద జాలారిపేట: మరి సిగరెట్టుతో సమానం అన్నది?

అతిథి: అక్కడే అందరూ బోల్తా పడేది. పొగాకూ ఆ చైనా చేపా ఒకే గ్రూపులో ఉన్న మాట నిజం. ఆ గ్రూపు చెప్పేది ‘క్యాన్సర్ తెస్తుందని ఎంత ఖాయంగా తెలుసు’ అన్నది ఒక్కటే. ఎంతమందికి తెస్తుంది అన్నది అందులో ఉండదు. దారిలో పాము ఉందని ఖాయంగా తెలియడం వేరు, అది నాగుపామా నీరుకట్టా అన్నది వేరు. బీపీ ఉన్నవాళ్లకు మటుకు ఉప్పుచేప తగ్గించమని మీరే చెప్పండి. ఆ మాటకు ఏ వాట్సాపూ అక్కర్లేదు.

యాంకర్: ధన్యవాదాలమ్మా. తర్వాత పెందుర్తి.

పెందుర్తి: అలో... ఇనిపిస్తందా బాబూ?

యాంకర్: వినిపిస్తోందమ్మా. రేడియో సౌండ్ తగ్గించి మాట్లాడండి.

పెందుర్తి: తగ్గించినాను. నాను పెందుర్తి అవతల నుంచి మాటాడతన్నాను. మా సెల్లి కొడుకు ఆటో తోల్తాడు. ఏజెన్సీ ఏపు నుంచి ఎవులో ఇద్దరు కుర్రోళ్లు కిరాయికి ఎక్కినారంట, సంచుల్తోటి. సెక్‌పోస్టు కాడ ఆపీసరికి ఆళ్లు దూకి పారిపోనారు, ఈడు దొరికిపోనాడు. మర్నాడు పేపర్లో ఏసినారు బాబూ. మొకానికి గుడ్డ కట్టి, ముందర బల్ల మీద గంజాయి పేకెట్లు పెట్టి. ముసుగుంటే మాత్రం ఏటి, ఆడి సొక్కా మాకు తెలీదా. ‘నిందితుడు నేరం అంగీకరించాడు’ అని రాసినారు. మా సెల్లి ఆ కాయితం తలగడ కింద ఎట్టుకుని ఏడస్తంది. ఆడి సెల్లికి సంబంధం సూస్తన్నాం, ఆళ్లు ఇంక రామని కబురెట్టినారు. ఒప్పీసుకున్నాక ఇంకేటుంది అని ఈదిలో అందరూ...

యాంకర్: అమ్మా, మీ ప్రశ్న...

పెందుర్తి: అదే అడగతన్నాను. ఒప్పుకున్నాడని పేపర్లో వచ్చీసింది కదా. ఇంక అయిపోనట్టేనా?

అతిథి: అవలేదమ్మా. నెమ్మదిగా చెప్తాను, వినండి. పోలీసుల దగ్గర ‘నేనే చేశాను’ అని ఎవరైనా అన్నా, ఆ మాట కోర్టులో అతని మీద సాక్ష్యంగా చెల్లదు. బ్రిటిష్‌వాళ్లు 1872లో రాసిన సాక్ష్య చట్టంలోనే అది ఉంది, 25వ సెక్షన్. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, అందులో 23వ సెక్షన్. నూటయాభై ఏళ్లు దాటినా ఆ నియమం అలాగే నిలబడింది. ఎందుకు పెట్టారు? స్టేషన్లో మనిషి చేత ఎలా ఒప్పించొచ్చో ఆ రోజుల్లోనే తెలుసు కాబట్టి. ఒక మినహాయింపు ఉంది. అతను చెప్పిన మాటను బట్టి ఏదైనా వస్తువు దొరికితే, ఆ వస్తువుకు సంబంధించినంత వరకు ఆ మాట పనికొస్తుంది.

పెందుర్తి: గంజాయి కేసులకి కూడానా? మా ఈదిలో ఒకాయన, ఈటికి వేరే సట్టం అన్నాడు.

అతిథి: వేరే చట్టమే. అయినా ఒప్పుకోలు సంగతి అంతే. ఆ చట్టం కింద దర్యాప్తు చేసే అధికారి దగ్గర ఒప్పుకున్నా చెల్లదని 2020లో సుప్రీంకోర్టు తూఫాన్ సింగ్ కేసులో తేల్చింది.

పెందుర్తి: అయితే ఒగ్గీస్తారా బాబూ?

అతిథి: ఆ మాట నేను అనలేదమ్మా, అనలేను. ఆటోలో సరుకు దొరికింది. అది 20 కిలోలు దాటితే బెయిలు రావడం చాలా కష్టం, ఆ చట్టం అలా ఉంది. తూకం ఎంత రాశారు, ఎవరి ముందు తూచారు, సంచులు ఎవరివి, ఇదంతా లాయరు చూడాలి. లాయరు ఉన్నారా?

పెందుర్తి: ఒకాయన ముప్పై వేలు అన్నాడు. ఎక్కడి నుంచి తెస్తాం.

అతిథి: రాసుకోండి. 15100. ఒకటి, అయిదు, ఒకటి, సున్నా, సున్నా. న్యాయ సేవల సంస్థ నంబరు. కస్టడీలో ఉన్నవాళ్లకు ఉచితంగా లాయర్ని పెట్టాలి, ఆదాయంతో పనిలేదు. 1987 చట్టంలో రాసి ఉంది. విశాఖ కోర్టుల దగ్గరే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంది. రేపు పొద్దున్నే వెళ్లండి.

యాంకర్: సార్, లైన్లో చాలామంది ఉన్నారు...

అతిథి: ఉండనివ్వండమ్మా, ఒక్క నిమిషం.

పెందుర్తి: మరి పేపరోళ్లు అబద్దం రాసినారా? అది సెప్పు బాబూ. మా సెల్లికి అదే కావాలి.

అతిథి: ఆవిడకి ఇలా చెప్పండి. సాయంత్రం నాలుగింటికి పోలీసులు ప్రెస్‌మీట్ పెడతారు. బల్ల, పేకెట్లు, వెనకాల మనుషులు, ఒక ప్రెస్ నోట్. అయిదింటికి ఆ నోట్ డెస్కుకు వచ్చేస్తుంది. జిల్లా పేజీ రాత్రికి వదిలేయాలి. నిందితుడితో మాట్లాడిన రిపోర్టరు ఉండడు. అతని ఇంటికి వెళ్లినవాడూ ఉండడు. ‘పోలీసులు ఇలా చెప్పారు’ అన్నంత వరకు ఆ వార్త నిజం. లోపల జరిగింది నిజమో కాదో రాసినవాడు చూడలేదు. అందుకే వార్తలో ‘పోలీసుల కథనం ప్రకారం’ అన్న ముక్క ఉంటుంది. హెడ్డింగు పట్టక ఆ ముక్కను నేనే కొట్టేసిన రాత్రులు ఉన్నాయమ్మా. ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది. రెండేళ్లకో మూడేళ్లకో కోర్టు వదిలేస్తే ఆ వార్త ఎవరూ వేయరు. ఆ రోజు బల్ల ఉండదు, ఫొటో ఉండదు. మీ సంబంధం వాళ్లకు పేపర్లో ‘నిందితుడు’ అన్న మాట చూపించండి. దోషి అని లేదు కదా?

పెందుర్తి: నేదు. నిందితుడనే ఉంది.

అతిథి: అంతే. ఆ మాట అర్థం, పోలీసులు ఇతన్ని అనుమానిస్తున్నారు అని.

పెందుర్తి: అయితే ఆడు ఒప్పుకున్నాడన్నది...

అతిథి: కోర్టులో లెక్కలోకి రాదు. 15100. మరిచిపోకండి.

పెందుర్తి: రాసుకున్నాను బాబూ. సల్లగా ఉండు.

యాంకర్: తర్వాత భీమిలి.

భీమిలి: సార్, రెండ్రోజులుగా సముద్రం వెనక్కి వెళ్లిందని వీడియోలు వస్తున్నాయి. వచ్చే పౌర్ణమికి సునామీ అని ఒక శాస్త్రవేత్త చెప్పాడంట.

అతిథి: ఎవరు చెప్పారు? పేరుందా?

భీమిలి: పేరు లేదు సార్. శాస్త్రవేత్త అని ఉంది.

అతిథి: ఆయనకెలా తెలిసింది? భూకంపం ఫలానా తేదీన వస్తుందని ముందే చెప్పగలిగినవాళ్లు ప్రపంచంలో ఇప్పటిదాకా ఎవరూ లేరు. సునామీకి ఎక్కువగా కారణం భూకంపం. పౌర్ణమికి ఆటుపోట్లు ఎక్కువ, నీరు ఎక్కువ దూరం తీస్తుంది. జాలర్లను అడగండి, చెప్తారు. భూకంపం వచ్చాక మటుకు మనకు టైముంటుంది. 2004 డిసెంబర్ 26న ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర కంపిస్తే, విశాఖ తీరానికి నీళ్లు చేరడానికి రెండు గంటలకు పైనే పట్టింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్‌ సునామీ కేంద్రం ఉంది. హెచ్చరిక అక్కణ్ణుంచి వస్తే ఆలోచించకుండా ఎత్తుకు వెళ్లిపోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటుతుందని వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పింది, అలాగే దాటింది. అన్నీ అబద్ధం అనుకోవడం కూడా తప్పే బాబూ. పేరు, ఊరు, ఆఫీసు ఉన్న మాటని వినాలి.

యాంకర్: గాజువాక నుంచి ఒకరు.

గాజువాక: సార్, నేను ఫ్యాక్టరీలో చేస్తాను. ఏ ఫ్యాక్టరీయో వద్దు. పది గంటల పని చట్టమైందని టీవీలో చూశాం. మా సూపర్‌వైజరు ఆ వార్త చూపించి, ఇకనుంచి రోజూ పది గంటలు, ఆరు రోజులు, ఓటీ, అదే ఓవర్‌టైం, లేదు అంటున్నాడు.

అతిథి: హెడ్డింగులో రోజు గంటలే ఉన్నాయి. వారం గంటలు లోపల ఎక్కడో ఉన్నాయి. 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజు పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. వారానికి 48 గంటల పరిమితిని ముట్టుకోలేదు. ఆరు పదులెంత?

గాజువాక: అరవై.

అతిథి: అరవైలో నలభై ఎనిమిది తీసేస్తే పన్నెండు. ఆ పన్నెండు గంటలకూ రెట్టింపు జీతం రావాలి. పాత ఫ్యాక్టరీల చట్టంలో అదే ఉంది. 2025 నవంబర్ 21న కేంద్రం అమల్లోకి తెచ్చిన లేబర్ కోడ్‌లలోనూ ఓటీ రెట్టింపే. మీ సూపర్‌వైజరు టీవీ చూపించాడు. మీరు ఆయన్ని సర్క్యులర్ చూపించమనండి. కాగితం మీద సంతకంతో.

గాజువాక: అడిగితే తీసేస్తారేమో సార్.

అతిథి: ఒక్కడివే అడగొద్దు తమ్ముడూ, నలుగురు కలిసి అడగండి. వచ్చిన టైము, వెళ్లిన టైము రోజూ చిన్న నోట్‌బుక్కులో రాసుకో. ఈవేళ నుంచే.

యాంకర్: కంచరపాలెం. క్లుప్తంగా అడగండి.

కంచరపాలెం: సార్, మా తమ్ముడికి కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగం, నెలకి డెబ్భై వేలు. ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు. టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చంట.

అతిథి: వద్దు. పంపొద్దు. 2024 మే నెలలో ఇదే విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తులేదా? మన కుర్రాళ్లను డేటా ఎంట్రీ అని తీసుకెళ్లి, అక్కడ గదుల్లో పెట్టి మన దేశంలో వాళ్లనే ఫోన్లలో మోసం చేయించారు. రిజిస్టరైన ఏజెంటు కూడా 30 వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. కేంద్రం ఈ-మైగ్రేట్ సైట్లో ఆ ఏజెంటు పేరుందో లేదో చూడండి.

కంచరపాలెం: అడ్వాన్సు ఇచ్చేశాం సార్, అది...

యాంకర్: ఆఫ్ ఎయిర్‌లో మా ఆఫీసుకు ఫోన్ చేయండి, మాట్లాడదాం. చివరి ఫోన్, ఎంవీపీ కాలనీ.

ఎంవీపీ కాలనీ: సార్, మా పక్క ఫ్లాట్ అంకుల్, రిటైర్డ్ ఉద్యోగి, ఒక్కరే ఉంటారు. పొద్దున ఎనిమిదింటి నుంచి తలుపు తీయడం లేదు. కిటికీలోంచి అడిగితే వీడియో కాల్లో పోలీసాఫీసర్ ఉన్నారు, ఎవరితోనూ మాట్లాడొద్దన్నారు అని సైగ చేశారు. పార్సెల్లో డ్రగ్స్ దొరికాయంట. ఇలాంటివి పేపర్లో...

అతిథి: ఆగమ్మా. ఇప్పుడు కూడా ఆయన కాల్లోనే ఉన్నారా?

ఎంవీపీ కాలనీ: ఉన్నారు సార్.

అతిథి: డిజిటల్ అరెస్టు అనేది మన చట్టాల్లో ఎక్కడా లేదు. వీడియోలో ఏ పోలీసూ అరెస్టు చేయడు. విచారణకు రమ్మనే నోటీసు కూడా వాట్సాప్‌లో పంపకూడదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదంతా తర్వాత మాట్లాడుకుందాం. మీరు వెళ్లి తలుపు కొట్టండి, గట్టిగా. వాచ్‌మన్‌ను కూడా తీసుకెళ్లండి. ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని కట్ చేయండి. డబ్బు పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు బ్యాంకులో ఆపడానికి అంత వీలుంటుంది.

ఎంవీపీ కాలనీ: నేనిప్పుడే...

అతిథి: ఇప్పుడే. ఈ ఫోన్ పెట్టేయండమ్మా, వెళ్లండి.

(లైన్ కట్ అయింది.)

యాంకర్: 1930, శ్రోతలు కూడా రాసుకోండి. సార్, ధన్యవాదాలు. సమయం అయిపోయింది.

అతిథి: ఆవిడ మళ్లీ ఫోన్ చేస్తే నాకు చెప్పండి. నేనిక్కడే కూర్చుంటాను.