బిడ్డ పేరుకు తొందరేం లేదు

చెన్నైలోని తెలుగు శ్రోతలకు నమస్కారం.

బిడ్డ పుట్టిన ఇంట్లో సంతోషం వెంటే వచ్చే మొదటి టెన్షన్ పేరుదే. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించే ముందు ఒక ఫారం చేతిలో పెడతారు. బిడ్డ పేరు అన్న గడి దగ్గర తండ్రి పెన్ను ఆగిపోతుంది. ఇంటికి ఫోన్ చేస్తే నానమ్మ ఒకటి చెబుతుంది, అమ్మమ్మ ఇంకొకటి చెబుతుంది, మేనత్త వాట్సాప్‌లో ఓ జాబితా పంపిస్తుంది. బిడ్డ చేతికున్న పట్టీ మీద మాత్రం 'బేబీ ఆఫ్' అని తల్లి పేరు రాసి ఉంటుంది. ఆ గడిని ఆ పూటే నింపి తీరాలేమోనని చాలామంది కంగారుపడి, తోచిన పేరు రాసేసి వస్తారు. అంత కంగారు అక్కర్లేదు.

1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం, బిడ్డ పుట్టిన సంగతిని 21 రోజుల్లోగా తెలియజేయాలి. కానీ పేరు లేకుండానే ఆ నమోదు జరుగుతుంది. పేరు తర్వాత చేర్చుకోవచ్చు. ఇక్కడ తమిళనాడులో ఏడాదిలోపు చేర్చుకుంటే రుసుము కూడా ఉండదు. మన పెద్దవాళ్ళు మాత్రం తొందరపడ్డారా? పురుడు వెళ్ళాక పదకొండో రోజునో, ఇరవై ఒకటో రోజునో, కొన్ని ఇళ్ళలో మూడో నెలలోనో బారసాల చేసేవారు. అందాకా బుజ్జి, చిట్టి, నాన్న, బంగారం అంటూ పిలుచుకునేవారు. ఆ వ్యవధిని మనం కూడా వాడుకోవాలి. పేరు ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుని పెట్టాల్సింది. అందుకు కొంత టైం పడుతుంది, పట్టనివ్వండి.

ముందు నక్షత్రం సంగతి. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 పాదాలు. ఒక్కో పాదానికి ఒక అక్షరం చెబుతారు. అశ్వినికి చు, చే, చో, లా. ఇవైతే ఇబ్బంది లేదు. హస్త నక్షత్రానికి పు, ష, ణ, ఠ. ఆర్ద్రకు కు, ఘ, ఙ, ఛ. హస్త మూడో పాదంలో పాప పుడితే 'ణ'తో పేరెక్కడ తెస్తాం? ఇక్కడే ఇళ్ళల్లో రోజుల తరబడి తర్జనభర్జనలు జరుగుతాయి. నిజానికి నామకరణంలో ఒక్క పేరే ఉండదు. మాసనామం, నక్షత్రనామం, లోకంలో పిలుచుకునే వ్యవహారనామం వేరువేరుగా చెప్పే పద్ధతి ఉంది. నక్షత్రాక్షరం పట్టింపు ఉన్నవాళ్ళు ఆ పేరును పూజకూ సంకల్పానికీ ఉంచుకుని, పిలిచే పేరు మనసుకు నచ్చింది పెట్టుకోవచ్చు. మీ పురోహితుణ్ణి అడిగి చూడండి. నెలల బిడ్డ ముందు రెండు కుటుంబాలు ముఖాలు తిప్పుకోవాల్సినంత పెద్ద విషయం కాదిది.

పేర్ల కోసం వెబ్‌సైట్లు వెతికే ముందు మీ సొంత వంశవృక్షంలోకి ఒకసారి చూడండి. చెన్నైలో ఉన్న మనలో చాలామందికి మూలాలు నెల్లూరు, చిత్తూరు వైపే. పెంచలకోన నరసింహస్వామి మీద భక్తితో పెంచలయ్య, పెంచలమ్మ. సూళ్ళూరుపేట చెంగాళమ్మను తలచుకుని చెంగయ్య, చెంగమ్మ. ఇక్కడే ట్రిప్లికేన్ స్వామి పేరున పార్థసారథి. ఇంకా లోపలికి వెళితే మనసు చివుక్కుమనే పేర్లూ ఉంటాయి. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, బతికితే చాలని బిడ్డను పెంటకుప్ప మీద పొర్లించి పెంటయ్య అనీ, ఎంగిలి విస్తరాకుల్లో పొర్లించి పుల్లయ్య అనీ పిలిచారు. ఆ పేర్లు విని నవ్వే పిల్లలకు వాటి వెనక ఒక తల్లి ఎంత ఏడ్చిందో చెప్పాలి.

తాత పేరు మనవడికి పెట్టడం మన పాత ఆనవాయితీ. అందులో ఓ చిక్కు ఉండేది. కోడలు మామగారి పేరు పలకకూడదు. కన్నకొడుక్కి అదే పేరు పెడితే ఎలా పిలుస్తుంది? అందుకే చిన్నయ్య, అబ్బాయి, బాబు అని ముద్దుపేర్లు పుట్టుకొచ్చాయి. రికార్డుల్లో వెంకటసుబ్బయ్యలై, ఇంట్లో జీవితాంతం బాబుగానే ఉండిపోయినవాళ్ళు మీకూ తెలిసే ఉంటారు.

మా తమ్ముడికి రెండో కాన్పులో బాబు పుట్టాడు. మా ముత్తాత పెంచలయ్య. ఆ పేరే పెట్టాలని నాన్న మనసులో ఉంది, పైకి అనలేదు. మరదలే గ్రహించి, 'మామయ్యా, పెంచలకోన స్వామి పేరు పెడదాం, నరసింహ అని' అంది. తాత పేరు పాతబడిందనిపిస్తే ఆయన కొలిచిన దేవుణ్ణి తీసుకోవచ్చన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. బారసాల రోజున పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాయమన్నారు. తమ్ముడు పుట్టిందీ చదివిందీ ఇక్కడే. తెలుగు గడగడా మాట్లాడతాడు, తమిళం రాస్తాడు, తెలుగు రాయడం మాత్రం రాదు. నాన్న పక్కన కూర్చుని ఓ కాగితం వెనక పెద్ద అక్షరాలతో రాసి చూపించారు. వాడు ఉంగరం పట్టుకుని న, ర అని గీశాడు. 'సి పక్కన సున్నా పెట్టరా' అన్నారు నాన్న. సున్నా పెట్టేసరికి బియ్యం జారి 'ర' చెదిరింది. మళ్ళీ సర్ది రాశాడు. తర్వాత బిడ్డ చెవిలో పేరు చెబుతుంటే ఐదేళ్ళ అక్క కూడా వంగి వింది. దానికి అంత పేరు నోరు తిరగలేదు, 'సింహం' అంది. ఆ రోజు నుంచి ఇంట్లో వాడు సింహమే.

ఇంట్లో ముందే ఒక బిడ్డ ఉంటే, ఆ బిడ్డనూ పేరు మాటల్లో కూర్చోబెట్టుకోండి. పేరు మొత్తం పిల్లల చేతిలో పెట్టమని కాదు. పెద్దవాళ్ళు ఎంచిన రెండు మూడింటిలో ఏది బాగుందో అడగండి. తన మాటా విన్నారన్న సంతోషంతో వచ్చిన బిడ్డను దగ్గరకు తీసుకుంటారు. అలాగే అక్క హర్షిత అయితే తమ్ముడు హర్షిత్ అని జోడు కట్టేయకండి. ఒకరిని పిలిస్తే ఇద్దరూ పలుకుతారు. ఇద్దరి మొదటి అక్షరమూ ఇంటి పేరూ ఒకటే అయితే కాగితాల్లోనూ తికమకే.

ఇప్పుడు చెన్నైకి సంబంధించిన మాట. మన బిడ్డను తమిళం మాట్లాడే టీచర్లు, పక్కింటివాళ్ళు, స్నేహితులు రోజూ పిలుస్తారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒక్కటే అక్షరం. త వర్గానికీ ప వర్గానికీ అంతే. అందరికీ తెలిసిన దివ్య, భారతి లాంటి పేర్లకు ఇబ్బంది లేదు. ఎవరూ వినని కొత్త పేరైతే, హాజరు పట్టీ చూసి గగన్‌ను కగన్ అంటారు. అది వాళ్ళ తప్పు కాదు. తెలుగమ్మాయి, తమిళబ్బాయి పెళ్ళి చేసుకున్న ఇళ్ళలో ఇదే కథ ఇటు తిరుగుతుంది. నాలుక మడిచి పలికే తమిళ 'ழ' అక్షరంతో యాళిని అని ముచ్చటగా పేరు పెట్టుకుంటే, నెల్లూరు అమ్మమ్మ నోట అది యాలిని అవుతుంది. అందుకే ఒక పేరు అనుకున్నాక అటు అమ్మమ్మ చేత, ఇటు పక్కింటి పాట్టి, అంటే తమిళ బామ్మ చేత పిలిపించండి. ఇద్దరి నోటా హాయిగా పలికితే ఆ పేరు నిలుస్తుంది.

అర్థాల విషయంలోనూ జాగ్రత్త. ఫోన్‌లో కనబడే ప్రతి కొత్త పేరుకూ లక్ష్మీదేవి అనో సూర్యకాంతి అనో అర్థం రాసేస్తున్నారు. ఒక నిఘంటువు తీసి చూసుకోండి, లేదా తెలుగో సంస్కృతమో బాగా తెలిసిన మాస్టారిని అడగండి.

ఇక ఇంటి పేరు. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్నది. తమిళనాట ఇనీషియల్ అంటే తండ్రి పేరు. మనకేమో ఇంటి పేరు. త్యాగరాయ నగర్‌కు ఏ మహానుభావుడి పేరు పెట్టారో ఆయన పిట్టి త్యాగరాయ చెట్టి. ఆయన పేరు ముందున్న 'పి' ఇంటి పేరే. మన పిల్లలకు స్కూల్లో తండ్రి పేరులోని మొదటి అక్షరం ఒక్కటే వేసేస్తే, రెండు తరాల్లో ఇంటి పేరు ఎవరికీ గుర్తుండదు. అందుకని పేరుతో పాటే దీన్నీ తేల్చుకోండి. ఇంటి పేరు పూర్తిగా రాయాలా, తండ్రి పేరు కలపాలా, ఏది ముందు, ఏది వెనక అన్నది జనన ధ్రువపత్రంలో ఎలా ఉంటే ఆధార్‌లో, స్కూల్లో, పాస్‌పోర్టులో అలాగే ఉండాలి. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్ళకు విజిట్ వీసా మీద ప్రవేశం లేదని నిబంధన పెట్టింది. ఇంటి పేరు వదిలేస్తే ఇలాంటి చిక్కులు ఎప్పుడో ఒకప్పుడు తగులుతాయి. సంఖ్యాశాస్త్రం పేరుతో ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక 'ఏ', ఒక 'హెచ్' ఎక్కువ చేర్చేవాళ్ళు కూడా ఇది ఆలోచించాలి. ఒక కాగితంలో ఆ అక్షరం ఉండి ఇంకో కాగితంలో లేకపోతే ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది మీ పిల్లలే.

2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్ట సవరణతో జనన ధ్రువపత్రం విలువ బాగా పెరిగింది. ఆ తేదీన గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు స్కూల్లో చేరడానికీ, డ్రైవింగ్ లైసెన్సుకూ, ఓటుకూ, పాస్‌పోర్టుకూ పుట్టిన తేదీ రుజువుగా అదే చూపించాలి. పేరు ఒకసారి అందులో చేరాక మార్చడం తేలిక కాదు. కాబట్టి దరఖాస్తు పెట్టే ముందు స్పెల్లింగును ఇంట్లో ఇద్దరు ముగ్గురి చేత చదివించండి. ఏడాది దాటిపోయినవాళ్ళు కూడా అధైర్యపడవద్దు. ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ళ వరకు పేరు చేర్చుకోవచ్చు. మీ పిల్లల ధ్రువపత్రంలో పేరు గడి ఇంకా ఖాళీగా ఉంటే, బడిలో చేర్చే వేళ దాకా ఆగకుండా ఈ నెలలోనే కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్ళి ఆ పని పూర్తి చేయండి.

సెలవు. నమస్కారం.