బిడ్డ కోసమైనా దిగులు పడకు అనే ముందు

అందరికీ నమస్కారం.

గర్భిణి దిగులుగా కనబడితే చాలు, "నువ్విలా బాధపడితే కడుపులో బిడ్డకు మంచిది కాదు" అంటారు చుట్టూ ఉన్నవాళ్లు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాటతో ఉన్న దిగులు తగ్గదు సరికదా, బిడ్డకు తానే హాని చేస్తున్నానన్న భయం కొత్తగా వచ్చి చేరుతుంది. ఆ తల్లి తరఫున మాట్లాడాలనే ఇక్కడికి వచ్చాను.

ఒత్తిడి కలిగినప్పుడు మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. ఇదేమీ విషం కాదు. నెలలు నిండేకొద్దీ తల్లి రక్తంలో సహజంగానే పెరుగుతుంది. బిడ్డ ఊపిరితిత్తులు పక్వానికి రావడానికీ కార్టిసాల్ కావాలి. తల్లి నుంచి మోతాదుకు మించి బిడ్డకు చేరకుండా కడుపులో బిడ్డకు పోషణ అందించే మాయలోని ఒక ఎంజైము దానిలో చాలా భాగాన్ని పనిచేయని రూపంలోకి మార్చేస్తుంది. అందువల్ల ఒకనాటి చిరాకుకో, ఒక పూట కన్నీళ్లకో బిడ్డకు ఏమవుతుందోనని కంగారు పడనక్కరలేదు. నెలల తరబడి వదలని ఆందోళన, కుంగుబాటు, ఇంట్లో హింస, పెద్ద విపత్తు, వీటి సంగతి వేరు. ఇలాంటి పరిస్థితుల్లో నెలలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం వంటివి ఎక్కువగా కనిపిస్తాయి.

1998 జనవరిలో కెనడాలోని క్విబెక్‌ను మంచు తుఫాను ముంచెత్తింది. లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. కొన్నిచోట్ల వారాలపాటు రాలేదు. అప్పుడు గర్భంతో ఉన్నవారి పిల్లలను పరిశోధకురాలు సుజాన్ కింగ్ బృందం ఏళ్ల తరబడి గమనించింది. ఎక్కువ కష్టాలు పడిన తల్లుల పిల్లలకు రెండేళ్ల వయసులో ఆలోచనా సామర్థ్యంలోనూ మాటల్లోనూ సగటున తక్కువ మార్కులు వచ్చాయి. ఈ అధ్యయనం నాకు ముఖ్యం అనిపించేది ఇందుకే: తుఫాను ఎవరి స్వభావాన్నీ చూసి రాదు. ఆ కష్టానికి తల్లిని తప్పుపట్టగల మనిషి ఎవరు?

ఇంగ్లండులో వేలమంది తల్లులను పరిశీలించి 2002లో వెలువరించిన ఫలితాలు ఇంకొకటి చెప్పాయి. గర్భంలో ఆందోళన అత్యధికంగా ఉన్నవారి పిల్లల్లో నాలుగేళ్లకు ప్రవర్తన, భావోద్వేగ సమస్యలు దాదాపు రెట్టింపు కనిపించాయి. రెట్టింపు అనగానే గుండె జారుతుంది. అయినా ఆ తల్లుల పిల్లల్లో అత్యధికులకు అలాంటి సమస్యలేవీ లేవు. పుట్టిన తర్వాత దొరికే ప్రేమ, భద్రత కూడా మెదడు ఎదుగుదలను మలుస్తూనే ఉంటాయి.

సాయం చేస్తే మార్పు వస్తుందా? వస్తుంది. పాకిస్తాన్ గ్రామాల్లో మానసిక వైద్యులు కాని మహిళా ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపారు. గర్భం చివరి నెలల నుంచి వాళ్లు వెళ్లి మాట్లాడారు. 2008లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఈ తల్లుల్లో 23 శాతం మందిలోనే కుంగుబాటు మిగిలింది. మామూలు సందర్శనలు మాత్రమే అందిన తల్లుల్లో అది 53 శాతం.

కాబట్టి భర్తలకూ అత్తమామలకూ నా విన్నపం: ఆమెకు ధైర్యం చెప్పే ముందు ఆమె పనిలో కొంత మీరు తీసుకోండి. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరు దగ్గరకు వెంట వెళ్లండి. చనిపోవాలన్న మాట వస్తే ఆ రోజే వెళ్లండి. మానసిక సమస్యకు ఇప్పటికే మందులు వాడుతున్నవారు గర్భమని తెలియగానే సొంతంగా ఆపేయకండి. డాక్టరును అడిగాకే ఏ మార్పయినా.

ఇక మీ ప్రశ్నలు వింటాను.