ఆరు నెలల పనితనం రెండు నెలల్లో

అందరికీ నమస్కారం. ఏఐ వస్తే మా ఉద్యోగాలు ఉంటాయా అని పొద్దున్నుంచి మీలో చాలామంది అడిగారు. వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్లకు కూర్చునేవాళ్లు మీరు. అందుకే కస్టమర్ సపోర్ట్ పనిలో నిజంగా జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను.

ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీకి 5 వేల మందికి పైగా సపోర్ట్ సిబ్బంది ఉన్నారు. ఎక్కువమంది ఫిలిప్పీన్స్‌లో ఉండి, అమెరికా చిన్న వ్యాపారులకు చాట్‌లో జవాబులిచ్చేవాళ్లు. ఏం చెప్పాలో పక్కనే సూచించే ఏఐ సాధనాన్ని వాళ్లలో కొందరికి ఇచ్చారు. ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, డానియెల్ లీ, లిండ్సే రేమండ్ అనే ఆర్థికవేత్తలు ఆ రికార్డులు పరిశీలించి 2023లో ఫలితాలు బయటపెట్టారు. గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. సగటు దగ్గరే ఆగకండి. కొత్తగా చేరినవాళ్లలో పెరుగుదల 34 శాతం. ఆరితేరినవాళ్లలో దాదాపు ఏమీ లేదు. చేరి రెండు నెలలైనవాళ్లు ఏఐ సాయంతో, ఆ సాయం లేని ఆరు నెలలవాళ్లతో సమానంగా పనిచేశారు.

ఎందుకంటే ఆ యంత్రం నేర్చుకున్నది ఆరితేరినవాళ్ల సంభాషణల నుంచే. కోపంగా ఉన్న మనిషిని ఏ మాటతో చల్లబరచాలి, ముందు ఏ ప్రశ్న అడిగితే లోపం దొరుకుతుంది, ఇదంతా వాళ్లు కూడబెట్టుకున్న పనితనం. అది కొత్తవాళ్ల చేతికి అందింది. మరి దాన్ని ఇచ్చినవాళ్లకు ఏం దక్కాలి? నా దృష్టిలో ఇది జీతాల చర్చలో తప్పకుండా ఉండాల్సిన ప్రశ్న.

ఏఐ వల్ల దేశం మొత్తం మీద ఉత్పాదకత ఎంత పెరుగుతుందన్న దానిపై పెద్ద పెద్ద అంచనాలు వింటుంటారు. 2024లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త డారన్ ఎసెమొగ్లు లెక్క వేరు. అమెరికాలో పదేళ్లకు మొత్తం కలిపి 0.66 శాతానికి మించదంటారు. ఫ్యాక్టరీలకు కరెంటు వచ్చినప్పుడూ పెద్ద ఫలితం వెంటనే రాలేదు. ఆవిరి యంత్రం తీసి మోటారు పెడితే చాల్లేదు. ఫ్యాక్టరీ అమరికే మార్చాల్సి వచ్చింది, దానికి దశాబ్దాలు పట్టింది.

ఉద్యోగాలు మాత్రం అంతకాలం ఆగేలా లేవు. 2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెరికా జీతాల రికార్డులు చూశారు. ఏఐ తాకిడి ఎక్కువగా ఉన్న వృత్తుల్లో 22–25 ఏళ్లవాళ్ల ఉద్యోగాలు, తాకిడి తక్కువ ఉన్న వృత్తులతో పోలిస్తే 13 శాతం తగ్గాయి. అవే వృత్తుల్లోని పెద్దవయసు వాళ్లకు ఆ దెబ్బ తగల్లేదు. వడ్డీ రేట్లు పెరిగి కంపెనీలు నియామకాలు తగ్గించడం కూడా కారణమనే వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. కానీ ఒక తేడా చూడండి. పనిని ఏఐకే అప్పగించిన చోట తగ్గుదల కనిపించింది, మనిషికి తోడుగా వాడిన చోట అది కనిపించలేదు.

నన్ను కలవరపెట్టేది ఇదే. చిన్న చిన్న బగ్‌లు సరిచేయడం, టెస్టింగ్, కస్టమర్లు పంపే ఫిర్యాదులకు, అంటే టికెట్లకు, జవాబులివ్వడం, హైదరాబాద్‌లో ఎంతోమంది మొదటి ఉద్యోగం ఇలాగే మొదలైంది. ఈ ఏడాది ఖర్చు తగ్గిందని ఆ మెట్టు తీసేస్తే, పదేళ్ల తర్వాత ఆరితేరినవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? విత్తనాలకు దాచిన వడ్లు దంచుకుని తిన్న ఇంట్లో ఆ పూటకు అన్నం ఉంటుంది. తొలకరి పడ్డప్పుడు చల్లడానికి గింజ ఉండదు.

మళ్లీ ఆ సపోర్ట్ సిబ్బంది దగ్గరకే వస్తాను, అక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. అప్పుడప్పుడు ఆ సాధనం సాంకేతిక లోపంతో ఆగిపోయేది. ఆ సమయంలో కూడా, దాన్ని కొంతకాలం వాడినవాళ్ల పని మునుపటికంటే మెరుగ్గానే ఉంది. అంటే వాళ్లు జవాబులు ఎత్తి రాయలేదు, పని నేర్చుకున్నారు. అందుకే ఇంటర్వ్యూలో ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగినప్పుడు మొహమాటపడకండి. మీ దగ్గర ఏఐని కొత్తవాళ్లకు పని నేర్పడానికి వాడుతున్నారా, కొత్తవాళ్ల బదులు వాడుతున్నారా అని అడగండి.