పార్కింగ్ చలాన్ కోర్టుకెక్కిందా? సమన్లు వచ్చాక ఏం చెయ్యాలి

[దృశ్యం: తిరుపతి గాంధీ రోడ్డు, పొద్దున పది గంటలు. రోడ్డుకు రెండు పక్కలా బండ్లు.]

నమస్కారం. ఈ రోడ్డులో బండి పెట్టకపోయినా పార్కింగ్ చలాన్ పడిందనుకోండి. కట్టలేదు, కేసు కోర్టుకు వెళ్లింది, ఇంటికి సమన్లు వచ్చాయి. ఇప్పుడేం చెయ్యాలి?

చిత్తూరులో ఉండే మా చిన్నాన్నకు ఇదే జరిగింది. "ఐదొందలే కదా నాయనా, కట్టేస్తే పీడా పోతుంది" అన్నాడు. కట్టొద్దని గట్టిగా చెప్పాను. కట్టడమంటే తప్పు ఒప్పుకోవడమే. ఆ తర్వాత "నా బండి కాదు" అంటే వినేవాళ్లుండరు. పైగా మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్‌లో మొదటిసారి జరిమానా 500 దాకా, మళ్లీ చేస్తే 1500 దాకా.

[తెరపై: చలాన్ ఫోటో, నంబర్ ప్లేటు దగ్గరగా]

చలాన్ ఫోటో పెద్దది చేసి చూశాం. చిన్నాన్న బండి నంబరు చివర 3. ఫోటోలో చివరి అంకె మీద ఎడమపక్క బురద. కింద వంపు దగ్గర కొంచెం రాలింది, అక్కడ నల్లగీత కనబడుతోంది. అది 8! చిన్నాన్న స్కూటరుకు ముందర పాలక్యాను కొక్కెం ఉంటుంది, ఈ బండికి లేదు. మీరూ ముందు ఫోటోనే చూడండి.

బండి నిజంగా మీదే అయితే? నో పార్కింగ్ బోర్డు కనబడలేదన్నది చెప్పుకోదగ్గ మాటే, ఫోటో తీసిపెట్టుకోండి. కానీ దారికి అడ్డంగా పెట్టుంటే బోర్డు లేకపోయినా అదే చట్టంలో 122వ సెక్షన్ ఉంది. అది కాదనలేం.

తేదీలు కూడా చూడండి. జరిమానా మాత్రమే ఉన్న నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవడానికి గడువు 6 నెలలు. ఆలస్యానికి సరైన కారణముంటే కోర్టు మన్నించవచ్చు. అయినా ఆ మాట మీరు లేవనెత్తాలి.

లోక్ అదాలత్‌కు వెళ్లమని చాలామంది చెబుతారు. అక్కడ జరిగేది రాజీ. తప్పు చేసి తక్కువలో తేల్చుకోవాలంటే మంచి దారే. తప్పే చెయ్యనివాళ్లు మాత్రం వాయిదా రోజు కోర్టుకే వెళ్లి, "నేరం ఒప్పుకోవడం లేదు, విచారణ జరపండి" అని చెప్పాలి. ఆర్సీ, బండి ఫోటోలు తీసుకెళ్లండి. ప్లీడరుకు ఇచ్చుకోలేకపోతే 15100కు ఫోన్ చేసి ఉచిత న్యాయ సహాయం అడగండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఇస్తారు.

వాయిదాకు పోకుండా మాత్రం ఉండొద్దు. వారంట్ వస్తే కోర్టు రద్దు చేసేదాకా అది అలాగే ఉంటుంది. ఇప్పటికే వచ్చి ఉంటే దాక్కోకండి. ప్లీడరుతో వెళ్లి, వారంట్ వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ వెయ్యండి.

ఇంకొకటి: చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే తెరవకండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

[దృశ్యం: ఆర్సీ, చలాన్ ఫోటో పక్కపక్కన]

చిన్నాన్న మొదటి వాయిదాలో మేజిస్ట్రేటు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూశారు, అసలు ఫోటో తెమ్మన్నారు. రెండో వాయిదాకు కేసు కొట్టేశారు. ఆ ఆర్డరు సర్టిఫైడ్ కాపీ అదే వారం తీసుకున్నాం. మీరూ తీసుకోండి, ఆన్‌లైన్‌లో చలాన్ ఇంకా పెండింగ్ అని చూపిస్తే చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే.