ఒక్క బోల్టు: ఆఫ్‌షోర్ రిగ్గు మీద ఎలక్ట్రీషియన్‌గా ఎలా మొదలుపెట్టాలి

నమస్కారం.

"బోసియెట్ చేశాను సార్, ఆరు నెలలైంది, ఒక్క కాల్ కూడా రాలేదు." నన్ను అడిగేవాళ్లు ఎక్కువగా అనే మాట ఇదే. విన్నప్పుడల్లా బాధేస్తుంది, కోపం కూడా వస్తుంది. ఆ కోపం అడిగినవాళ్ల మీద కాదు. ఆ ఒక్క సర్టిఫికెట్ ఉంటే చాలు, రిగ్గు మీద ఉద్యోగం ఖాయం అని చెప్పి పంపినవాళ్ల మీద.

బోసియెట్ అంటే సముద్రంలో ఉండే రిగ్గు ఎక్కడానికి ముందు చేసే భద్రతా శిక్షణ. అందులో నేర్పేది ఏంటి? హెలికాప్టర్ నీళ్లలో పడి బోర్లాపడితే అద్దం తోసి బయటికి రావడం, పొగలో దారి వెతుక్కోవడం, లైఫ్‌బోటు ఎక్కడం. మూడు రోజుల శిక్షణ, నాలుగేళ్లు చెల్లుతుంది. అది తప్పకుండా కావాలి. కానీ రిగ్గు మీద వంట చేసేవాళ్లకీ అదే సర్టిఫికెట్, డ్రిల్లర్‌కీ అదే. మీరు ఎలక్ట్రీషియన్ అని అందులో ఒక్క ముక్క కూడా ఉండదు.

మరి ఆఫ్‌షోర్ ఎలక్ట్రీషియన్‌ని పోల్చుకునేది దేంతో? దీంతో.

[క్లోజప్: బల్ల మీద జంక్షన్ బాక్స్]

వైర్లు కలిపే, పోత పోసిన లోహపు పెట్టె. మూతకి ఎనిమిది బోల్టులు ఉండాలి. లెక్కపెట్టండి. ఏడే ఉన్నాయి. ఇదిగో, ఈ మూల ఖాళీ.

నేల మీద మామూలు ఫ్యాక్టరీలో పదేళ్లు చేసినవాళ్లకి దీన్ని చూపిస్తే, "ఏడున్నాయి కదా, మూత గట్టిగానే ఉంది" అంటారు. ఒక రకంగా అది నిజమే. లైట్లు వెలుగుతాయి, మోటార్ తిరుగుతుంది, మీటర్ పెట్టి చూస్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి. అదే రిగ్గు మీద అయితే ఈ పెట్టె పనికిరాదు. ఎందుకో అర్థమైతే సగం ఉద్యోగం అర్థమైనట్టే. అందుకే ఈ వీడియోలో ఎక్కువసేపు దీని దగ్గరే ఉంటాను.

దీన్ని ఫ్లేమ్‌ప్రూఫ్ అంటారు, రాతలో ఎక్స్-డి. చాలామంది అనుకునేది, గ్యాస్ లోపలికి రాకుండా ఈ పెట్టె ఆపుతుందని. సీనియర్లు కూడా ఇదే చెబుతుంటారు. అది తప్పు. గ్యాస్ లోపలికి వస్తుంది. పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడు పెట్టె ఊపిరి పీల్చినట్టు బయటి గాలిని లాక్కుంటుంది. గాలితో పాటు మీథేన్ కూడా వెళ్తుంది. గాలిలో మీథేన్ సుమారు 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉంటే, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ రవ్వ కూడా ఎంతది? 0.3 మిల్లీజౌల్ ఉన్నా అంటుకుంటుంది. స్వెటర్ విప్పి తలుపు గడియ పట్టుకుంటే వేలికి చురుక్కుమంటుంది చూడండి, అందులో అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

అంటే పెట్టె లోపల పేలుడు జరగొచ్చు. దాన్ని తయారుచేసినవాళ్లు అది జరుగుతుందనే లెక్కతోనే చేశారు. గోడలు ఆ ఒత్తిడిని తట్టుకుంటాయి. మరి ఆ మంట ఎటు పోతుంది? ఇప్పుడు మూత తీస్తాను, ఈ అంచు చూడండి.

[క్లోజప్: మూత అంచు, నున్నటి లోహం]

అద్దంలా నున్నగా ఉంది కదా. మూత అంచు, పెట్టె అంచు కలిసే చోట మిల్లీమీటర్‌లో చిన్న వంతు సందు మాత్రమే ఉంటుంది. దాన్ని ఫ్లేమ్‌పాత్ అంటారు. పేలిన వేడి వాయువు ఆ సన్నటి సందులోంచి వస్తూ వస్తూ చుట్టూ ఉన్న లోహానికి తన వేడినంతా ఇచ్చేస్తుంది. బయటికి వచ్చేసరికి, బయట ఉన్న గ్యాస్‌ని అంటించే వేడి అందులో మిగలదు. నాకు ఈ విషయం మొదటిసారి అర్థమైన రోజు నిద్ర పట్టలేదు. ఎంత అందమైన ఆలోచన!

ఇప్పుడు ఆ ఎనిమిదో బోల్టు దగ్గరికి రండి. లోపల పేలితే, బోల్టు లేని మూల దగ్గర మూత వెంట్రుకవాసి పైకి లేస్తుంది. సందు పెరుగుతుంది. మంట చల్లబడకుండానే బయటికి వస్తుంది. అంతే. ఏడు బోల్టులు ఎంత బిగించినా లాభం లేదు.

"సరే, ఏదో ఒక బోల్టు పెట్టేస్తా" అనుకోకండి. పొడవు తక్కువైతే మరలు సరిగ్గా పట్టవు, గ్రేడు తక్కువైతే పేలుడుకి సాగిపోతుంది. ఆ పెట్టె సర్టిఫికెట్‌లో ఏ బోల్టు చెప్పారో అదే పెట్టాలి. మూత రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకూడదు. ఆ నున్నటి అంచు మీద పడ్డ గీత కూడా మంటకి దారే. ఆ అంచుకి పెయింట్ కూడా వేయకూడదు.

నా మొదటి వారంలో జరిగింది చెబుతాను. రాత్రి షిఫ్టు, షేల్ షేకర్ల దగ్గర. బావిలోంచి పైకి వచ్చిన మడ్‌ని, అంటే డ్రిల్లింగ్‌లో వాడే బురదని, జల్లెడ పట్టేది అక్కడే, దాంతో పాటు వచ్చిన గ్యాస్ బయటపడేదీ అక్కడే. నేను టార్చి వేసి ఒక బాక్స్ చూసి, "అన్నీ ఉన్నాయి సార్" అన్నాను. మా చీఫ్ ఎలక్ట్రీషియన్ టార్చి తీసేసుకున్నారు. "చూడకు, ముట్టుకో" అన్నారు. ఒక్కో బోల్టు మీద వేలు పెట్టి తిప్పాను. మూడోది తిరిగింది. స్పానర్ లేకుండా, వేలితోనే.

తర్వాత తెలిసింది, ఆయన నేర్పింది ఐఈసీ 60079-17 అనే అంతర్జాతీయ ప్రమాణంలో రాసి ఉందని. తనిఖీలు మూడు రకాలు. విజువల్ అంటే కంటితో చూసేది, లేని బోల్టు దొరుకుతుంది. క్లోజ్ అంటే నిచ్చెన ఎక్కి పనిముట్లతో చూసేది, వదులైన బోల్టు దొరుకుతుంది. డీటెయిల్డ్ అంటే మూత విప్పి చూసేది, లోపల వదులైన కనెక్షన్లు దొరుకుతాయి. ఇంటర్వ్యూలో ఈ మూడింటికీ తేడా అడిగితే ఈ బోల్టు గుర్తు తెచ్చుకోండి.

జోన్ల గురించి టూకీగా. గ్యాస్ ఎప్పుడూ ఉండే చోటు జోన్ 0, మామూలు పనిలోనే రాగలిగే చోటు జోన్ 1, అరుదుగా, కొద్దిసేపే ఉండే చోటు జోన్ 2. మూసి ఉన్న మడ్ ట్యాంకు లోపల 0, షేకర్ల దగ్గర సాధారణంగా 1. ఏ జోన్‌లో ఏ పరికరం పెట్టొచ్చో పరికరం నేమ్‌ప్లేట్ చెబుతుంది. అది చదవడం రానివాళ్లకి స్పానర్ ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇదంతా నేర్పి, చేతులతో చేయించి పరీక్ష పెట్టేది కాంపెక్స్ కోర్సు. ఈఎక్స్ 01 నుంచి 04 వరకు, సర్టిఫికెట్ ఐదేళ్లు చెల్లుతుంది. దానికి ఎలక్ట్రికల్ పనిలో అనుభవం కావాలి. లేనివాళ్లకి విడిగా ఫౌండేషన్ కోర్సు ఉంది. చాలామంది ఇక్కడే వరస తప్పుతారు. ముందు ట్రేడ్ సర్టిఫికెట్, తర్వాత రెండు మూడేళ్లు మోటార్లు, జనరేటర్లు, వీఎఫ్‌డీలు (మోటార్ వేగం మార్చే పరికరాలు) ఉన్న చోట పని, తర్వాత కాంపెక్స్. బోసియెట్, మెడికల్ చివర్న చేయించుకోండి. ముందే చేస్తే, ఉద్యోగం వెతుకుతుండగానే వాటి గడువు కరిగిపోతుంది.

అనుభవం ఎక్కడ? రిఫైనరీలో, కెమికల్ ప్లాంట్‌లో, రిగ్గులు రిపేరుకి వచ్చే షిప్‌యార్డులో. షిప్‌యార్డు నాకు అన్నిటికన్నా ఇష్టం. ఎందుకంటే రిగ్గు మీద ఉండే వైరింగే మీ చేతికి వస్తుంది, అక్కడి మనుషులూ పరిచయమవుతారు. రౌస్టబౌట్‌గా, అంటే డెక్ మీద మామూలు పనికి ఎక్కి, తర్వాత ఎలక్ట్రికల్ వైపు మారినవాళ్లూ ఉన్నారు.

టైమ్ అయిపోతోంది, రెండు విషయాలు గబగబా.

ఒకటి, ఎర్త్ ఫాల్ట్, అంటే కరెంటు వైరు లోహపు భాగాలకి తగలడం. చాలా రిగ్గుల మీద ప్రధాన సప్లయ్ న్యూట్రల్‌ని ఎర్త్ చేయరు. మొదటి ఫాల్ట్‌కి బ్రేకర్ పడదు, అలారం మాత్రం మోగుతుంది. డ్రిల్లింగ్ మధ్యలో కరెంటు పోకూడదని అలా పెడతారు. అలారం ఆపేసి పడుకోవడానికి లేదు. రెండో ఫాల్ట్ వచ్చేలోపు మొదటిదాన్ని వెతికి పట్టుకోవాలి.

రెండు, పర్మిట్, అంటే పని మొదలుపెట్టే ముందు తీసుకునే రాతపూర్వక అనుమతి. 1988 జూలై 6, ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫామ్. ఒక పంపు సేఫ్టీ వాల్వును మరమ్మతుకి తీసి, ఆ చోట ఇనుప మూత పెట్టారు. ఆ సంగతి రాత్రి షిఫ్టుకి చేరలేదు. ఇంకో పంపు ఆగిపోవడంతో దీన్ని నడిపారు. గ్యాస్ బయటికి వచ్చి పేలింది. 167 మంది చనిపోయారు. ఆ మూత గ్యాస్‌ని ఆపేంత బిగుతుగా లేదని విచారణలో తేలింది. చూశారా, మళ్లీ బోల్టుల దగ్గరికే వచ్చాం. మీరు ఐసొలేట్ చేసిన, అంటే కరెంటు రాకుండా ఆపేసిన ప్రతి బ్రేకర్‌కీ తాళం, ట్యాగ్, పర్మిట్ మీద రాత ఉండాలి. షిఫ్టు మారేటప్పుడు వచ్చినవాళ్లని ఆ తాళం దగ్గరికి తీసుకెళ్లి చూపించండి.

ఒక్క మాట. జాబ్ ఇప్పిస్తాం, ముందు డబ్బు కట్టండి అనేవాళ్లకి రూపాయి కూడా ఇవ్వకండి. ఆ డబ్బు కాంపెక్స్ కోర్సుకి దాచుకోండి. నీలం రంగు కేబుళ్లు ఉండే ఎక్స్-ఐ గురించి, అంటే గ్యాస్‌ని అంటించలేనంత తక్కువ శక్తితో నడిచే సర్క్యూట్ల గురించి, వచ్చే వీడియోలో చెబుతాను.