మే నెల గుంటూరులో ఎంఆర్‌ఎస్‌ఏ టెస్టు: ఆ 35 డిగ్రీల సంగతి

[ప్లేటు దగ్గరగా చూపించాలి]

నమస్కారం అండి. ఆపరేషన్ కుట్ల దగ్గర చీము పట్టిందనుకోండి, ఆ చీము ల్యాబుకొస్తే మర్నాటికి ప్లేటు మీద ఇలా పసుపుపచ్చ కాలనీలు లేస్తాయి. ఇది స్టాఫ్, పూర్తి పేరు స్టెఫైలోకోకస్ ఆరియస్. పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కులో ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉండే బ్యాక్టీరియానే, కాబట్టి పేరు వినగానే టెన్షన్ పడకండి. తేలాల్సింది ఒక్కటే, ఇది మామూలు స్టాఫా, మెథిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏనా?

పెన్సిలిన్ జాతి మందులు బ్యాక్టీరియా గోడ కట్టే ప్రోటీన్లకు అతుక్కుని పని ఆపేస్తాయి. మెక్‌ఏ అనే జీన్ ఉన్న స్టాఫ్ మాత్రం మందు సరిగ్గా అతుక్కోలేని ఇంకో ప్రోటీన్ తయారుచేసుకుని గోడ కట్టుకుంటూ పోతుంది. ఇదే ఎంఆర్‌ఎస్‌ఏ, 1961లోనే ఇంగ్లాండులో బయటపడింది.

[డిస్క్ పెట్టడం చూపించాలి]

ముల్లర్ హింటన్ అనే, బ్యాక్టీరియా పెంచే ప్లేటు మీద కల్చర్ పరిచి, సెఫాక్సిటిన్ అనే యాంటీబయాటిక్ 30 మైక్రోగ్రాములున్న డిస్క్ పెట్టి, 16 నుంచి 18 గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచుతాం. డిస్క్ చుట్టూ ఖాళీ వలయం 22 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే మామూలు స్టాఫ్. 21 గానీ తక్కువ గానీ ఉంటే ఎంఆర్‌ఎస్‌ఏ.

ల్యాబుల్లో పనిచేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇక్కడ మాత్రం జాగ్రత్తగా వినండి. ఇంక్యుబేటర్ 35 డిగ్రీలు దాటకూడదు, దాటితే ఈ బ్యాక్టీరియా మొండితనం సరిగా బయటపడదు, వలయం పెద్దదిగా కనిపించి ఎంఆర్‌ఎస్‌ఏని కూడా మామూలు స్టాఫ్ అని రాసేస్తాం, అక్కడ పేషెంటుకు పనిచేయని ఇంజెక్షన్ ఎక్కుతూనే ఉంటుంది. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేస్తుందే కానీ చల్లబరచదు. మే నెలలో కరెంటు పోయి, ఏసీ ఆగి, గదే 40కి చేరితే లోపల 35 ఎక్కడుంటుంది? అందుకే మన ఊళ్లలో చల్లబరిచే బీఓడీ ఇంక్యుబేటర్ ఉండాలనేది నా గట్టి అభిప్రాయం.

ఎంఆర్‌ఎస్‌ఏకి వాడే వాంకోమైసిన్ మందు పనిచేస్తుందో లేదో చూడటానికి డిస్క్ నమ్మకండి, ఎంఐసీ, అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మందు మోతాదు కొలిచే టెస్టు చేయాల్సిందే.

పేషెంటు తాలూకు వాళ్లకి ఒక మాట. వీలైనంతవరకు మొదటి యాంటీబయాటిక్ డోసుకు ముందే చీము శాంపిల్ తీయమని అడగండి, కల్చర్ రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. పీసీఆర్ అనే జీన్ టెస్టు అయితే కొన్ని గంటల్లోనే మెక్‌ఏ ఉందో లేదో చెప్పేస్తుంది, ఖర్చు మాత్రం ఎక్కువ.

[థర్మామీటర్ చూపించాలి]

నేనైతే పొద్దున్నే ప్లేటు కన్నా ముందు దీన్నే చూస్తాను. 35 దాటి ఉంటే ఆ ప్లేటు చదవను, టెస్టు మళ్లీ పెడతాను.