కిటికీ అవతల ఇంకో నేను

శ్రోతలందరికీ నమస్కారం. ఈ రోజు మీకో సినిమా కథ చెప్తాను, దాని వెనకే ఒక పిల్లి కథ, టైం మిగిలితే చివర్లో జీడి అంటు మొక్క గురించి ఒక ముక్క. ఈ మూడింటికీ సంబంధమేంటి అని అప్పుడే రేడియో కట్టేయకండి, సంబంధం ఉంది.

సినిమా పేరు ‘ది సిక్స్‌త్ డే’. 2000లో వచ్చింది. హీరో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్, దర్శకుడు రోజర్ స్పాటిస్‌వుడ్. దేవుడు మనిషిని ఆరో రోజున చేశాడని బైబిల్లో ఉంటుంది కదా, పేరు అక్కడిది. మనిషిని తయారుచేసే పని ఆయనకే వదిలేయాలి, మనుషుల్ని క్లోనింగ్ చెయ్యకూడదు, అంటే ఒకరి డీఎన్ఏతో అలాంటి ఇంకొకర్ని తయారుచెయ్యకూడదు అని ఆ సినిమాలో ఒక చట్టం ఉంటుంది. కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రం చేయించుకోవచ్చు. దానికి షాపింగ్ మాల్‌లో దుకాణమే ఉంటుంది, పేరు రీపెట్. చచ్చిపోయిన కుక్కని ఇస్తే అలాంటి కుక్కనే, అదే వయసుతో, నేర్చుకున్న అలవాట్లన్నిటితో చేతిలో పెడతారు.

మన హీరో హెలికాప్టర్ పైలట్. పెళ్ళాం, ఒక కూతురు, ఒక కుక్క. ఆ రోజు ఆయన పుట్టినరోజు. అదే రోజు కుక్క చచ్చిపోతుంది. పాప ఇంటికొచ్చేలోపు ఆ దుకాణానికి వెళ్ళి ఇంకోటి చేయించుకుని రా అంటుంది భార్య. వెళ్తాడు. దుకాణంవాడు బోలెడు చెప్తాడు, ఏమీ భయం లేదు సార్, తేడానే తెలీదు సార్ అని. మనవాడికి మనసొప్పదు. కుక్కని చేయించుకోకుండా, మాట్లాడే బొమ్మ ఒకటి కొనుక్కుని రాత్రికి ఇంటికొస్తాడు.

ఇదిగో, నాకు ఇష్టమైన సీను ఇదే. వచ్చేసరికి ఇంట్లోంచి కుక్క మొరుగుతుంటుంది. ఓహో, మా ఆవిడ తనే వెళ్ళి పని కానిచ్చేసిందన్నమాట అనుకుంటాడు. లోపల పాటలు, చప్పట్లు. కిటికీలోంచి చూస్తాడు. అందరూ ఉన్నారు, భార్య ఉంది, కూతురు ఉంది, స్నేహితులున్నారు, మధ్యలో కేకు ఉంది, ఆ కేకు ముందు తనే ఉన్నాడు! అచ్చం తనే. ఆ మొహమే, ఆ నవ్వే.

మనకి డబుల్ యాక్షన్ కొత్త కాదు. ఎన్టీఆర్ రోజుల నుంచీ చూస్తూనే ఉన్నాం, ఒకడు అమాయకుడు, ఒకడు గడుసువాడు, చివరికి అన్నదమ్ములని తేలుతుంది. కానీ అక్కడ ఇద్దరూ ఇద్దరే. ఇక్కడ ఇద్దరికీ ఒకటే పెళ్ళి జ్ఞాపకం, ఒకటే కూతురు, ఒకటే చిన్నతనం. బయట నిలబడ్డవాడికి నేనే నేను అని ఎంత నమ్మకమో, లోపల కేకు కోస్తున్నవాడికీ అంతే నమ్మకం. ఎవరు కాదంటారు? ఎలా కాదంటారు?

తర్వాత తుపాకులు, కార్ల ఛేజింగులు, హెలికాప్టర్లు. అవి నేను చెప్తే ఏం బాగుంటుంది, చూడాలి. ఒక్క సంగతి మాత్రం చెప్పక తప్పదు, సినిమా చూడనివాళ్ళు ఒక్క నిమిషం చెవులు మూసుకోండి. సినిమా అంతా మనం ఎవరి వెంట పరిగెత్తామో, ఎవరికి ఏమవుతుందోనని టెన్షన్ పడ్డామో, ఆ కిటికీ బయట నిలబడ్డవాడు, వాడే క్లోన్. లోపల ఇంట్లో ఉన్నవాడే అసలువాడు. చాలు, చెవులు తెరవండి.

విలన్ కూడా ఊరికే విలన్ కాదు. క్లోనింగ్ కంపెనీ యజమాని. అసలాయన ఎప్పుడో చచ్చిపోయాడు, ఇప్పుడున్నది ఆయన క్లోనే. ఆ లోకంలో క్లోన్‌కి చట్టం ఏ హక్కూ ఇవ్వదు. సంగతి బయటపడితే కంపెనీ మీద ఒక్క రూపాయి హక్కు ఉండదు. ఆయన భయమంతా అదీ. ఆస్తి గొడవన్నమాట! నాకు ఆ ముక్క భలే నచ్చింది. ఎంత సైన్సు వచ్చినా చివరికి తగువు ఆస్తి దగ్గరికే వస్తుంది, మన పల్లెల్లో అయినా, హాలీవుడ్‌లో అయినా.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సినిమాలో తొట్టెల్లో ఖాళీ శరీరాలు తేలుతుంటాయి, మొహం లేని మనుషులు. వాటిలోకి ఒకరి డీఎన్ఏ ఎక్కిస్తారు, కళ్ళలోంచి తీసుకున్న జ్ఞాపకాలు ఎక్కిస్తారు, గంటల్లో నలభై ఏళ్ళ మనిషి లేచి బట్టలు తొడుక్కుంటాడు. సినిమా కాబట్టి సరే. నిజం క్లోనింగ్‌లో పుట్టేది పసిబిడ్డే. ఈ మాట ఇంకోసారి చెప్తాను, పుట్టేది పసిబిడ్డే. తల్లి కడుపులో పెరగాలి, పుట్టాలి, పాలు తాగాలి, పడుతూ లేస్తూ పెద్దవ్వాలి.

స్కాట్లాండ్‌లో డాలీ అనే గొర్రెని చేశారు, విన్నారు కదా. 1996 జులైలో పుట్టింది. ఆరేళ్ళ తెల్లమొహం గొర్రె పొదుగులోంచి ఒక కణం తీసుకున్నారు. ఇంకో గొర్రె అండంలో డీఎన్ఏ ఉండే కేంద్రకం తీసేసి, దాంతో ఈ కణాన్ని కలిపి చిన్న కరెంటు దెబ్బ ఇచ్చారు. అలా 277 అండాలతో మొదలుపెడితే చివరికి నిలిచింది ఒక్క పిల్ల. పిండాన్ని కడుపులో మోసిన తల్లి నల్లమొహం గొర్రె, పుట్టిన పిల్లది తెల్లమొహం. చూడగానే తెలిసిపోయింది, ఇది మోసిన తల్లి పిల్ల కాదు అని. మన దేశంలో కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ 2009లో గేదె దూడని క్లోన్ చేసింది, పేరు గరిమ. దూడే పుట్టింది, పాలిచ్చే గేదె కాదు.

సరే, పిల్లి కథ. ఇది మాత్రం తీరిగ్గా చెప్తాను.

అమెరికాలో బాగా డబ్బున్న ఒకాయనకి తన కుక్కని క్లోన్ చేయించాలని కోరిక పుట్టింది. టెక్సాస్‌లో ఒక యూనివర్సిటీకి, టెక్సాస్ ఎ అండ్ ఎం అంటారు, లక్షల డాలర్లు ఇచ్చాడు. కుక్క కుదర్లేదు, కుక్కల అండాలతో పని చాలా కష్టం. పిల్లి కుదిరింది. 2001 డిసెంబరు 22న పుట్టింది. అసలు పిల్లి పేరు రెయిన్‌బో, మూడు రంగులది, తెలుపు, నారింజ, ముదురు చారలు. మొత్తం 87 క్లోన్ పిండాలు పెడితే ఒక్క పిల్ల బతికింది, అది రెయిన్‌బో కణంతో చేసినది. దానికి సీసీ అని పేరు పెట్టారు, కార్బన్ కాపీ అన్నమాట.

పేరేమో కార్బన్ కాపీ, తీరా చూస్తే కాపీ కాదు! తెలుపు ఉంది, చారలు ఉన్నాయి, నారింజ మచ్చ ఒక్కటంటే ఒక్కటి లేదు. పరీక్ష చేస్తే కేంద్రకంలోని డీఎన్ఏ అంతా రెయిన్‌బోదే, పొల్లు పోలేదు. మరి రంగు ఎక్కడికి పోయింది?

కొంచెం ఓపిగ్గా వినండి, కష్టమేం కాదు. ఆడపిల్లి ఒంట్లో ప్రతి కణంలో జన్యువులుండే పోగులు, ఎక్స్ క్రోమోజోములు అంటారు, రెండుంటాయి. నారింజ రంగు జన్యువు ఉండేది ఆ ఎక్స్ మీదే. రెయిన్‌బోకి ఒక ఎక్స్ మీద నారింజ ఉంది, రెండోదాని మీద లేదు. కడుపులో పిండంగా ఉన్నప్పుడే ఒక్కో కణం తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూసేస్తుంది. ఏది మూస్తుందో చెప్పలేం, బొమ్మా బొరుసా వేసినట్టే. ఆ కణం నుంచి పుట్టిన పిల్ల కణాలన్నీ అదే పద్ధతి పాటిస్తాయి. అందుకే ఒకచోట నారింజ, ఇంకోచోట ముదురు రంగు. సీసీ కోసం తీసిన కణంలో నారింజ ఉన్న ఎక్స్ ముందే మూసేసి ఉంది. అది మళ్ళీ తెరుచుకోలేదు. దాంతో ఆ పిల్లికి ఒళ్ళంతటా నారింజ లేకుండా పోయింది.

రంగే కాదు, రెయిన్‌బో బొద్దుగా, తన మానాన తను ఉండే రకం. సీసీ సన్నగా, అన్నిట్లోనూ మూతి పెట్టే రకం. ఆ సైంటిస్టుల్లోనే ఒకాయన దాన్ని ఇంటికి తీసుకెళ్ళి పెంచుకున్నాడు, పిల్లల్ని పెట్టింది, పద్దెనిమిదేళ్ళు బతికి 2020లో పోయింది. పిల్లికి పద్దెనిమిదేళ్ళంటే నిండు నూరేళ్ళే.

ఇప్పుడు రీపెట్ దుకాణంవాడి మాట గుర్తు తెచ్చుకోండి, తేడానే తెలీదు సార్ అన్నాడు. నిజం ప్రపంచంలో మొదటి పిల్లికే తేడా తెలిసిపోయింది, అదీ దూరం నుంచి. అయినా కుక్కల్ని క్లోన్ చేసి ఇచ్చే వ్యాపారం ఇప్పుడు నిజంగానే ఉంది, అమెరికాలో కుక్కకి 50 వేల డాలర్ల దాకా తీసుకుంటారు. గాయని బార్బ్రా స్ట్రైసాండ్ తన కుక్క పోతే రెండు క్లోన్ కుక్కపిల్లల్ని చేయించుకుని, వాటి స్వభావాలు వేరువేరుగా ఉన్నాయని ఆవిడే చెప్పింది. ప్రేమ కొద్దీ చేశారు, తప్పు పట్టను. కానీ ఆ డబ్బుకి వచ్చింది పోయిన కుక్క కాదు, దాని కవల చెల్లెలు. ఆలస్యంగా పుట్టిన కవల. మన వీధిలో అచ్చం ఒకేలా ఉండే కవలలు ఉంటారు కదా, డీఎన్ఏ ఒకటే, వేలిముద్రలు మాత్రం వేరు. ఒకడికి లెక్కలు, ఒకడికి క్రికెట్. వాళ్ళలో ఒకడు అసలు, ఇంకోడు నకలు అని మనం ఎప్పుడైనా అన్నామా?

మనుషుల సంగతి అడుగుతారేమో. పిల్లల కోసం మనిషిని క్లోన్ చెయ్యడం మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, మార్గదర్శకాల ప్రకారం నిషిద్ధం. చేశామని 2002లో విదేశాల్లో ఒక బృందం గట్టిగా చెప్పుకుంది గానీ రుజువు మాత్రం ఇప్పటికీ చూపించలేదు. కోతుల్ని చైనాలో చేశారు, 2018లో ప్రకటించారు. అంతవరకే.

ఇక జీడి అంటు. మా బావది శ్రీకాకుళం జిల్లా మందస వైపు. తిత్లీ తుపానుకి, 2018 అక్టోబరులో, ఉద్దానంలో కొబ్బరీ జీడీ ఎలా పడిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. తర్వాత అందరిలాగే తనూ అంటు మొక్కలు తెచ్చి వేశాడు. మొన్న వచ్చినప్పుడు ఒకటే కోపం. “నర్సరీవాడు టోపీ పెట్టేశాడు బావా, మంచి రకం అన్నాడు, ఒక చెట్టుకి పిక్క చూస్తే గోరంత.”

“కింద నుంచి ఏమైనా చిగురు వచ్చిందా బావా?” అన్నాను.

“వచ్చింది, ఏపుగా వచ్చింది, బాగుందని ఉంచేశాను.”

నర్సరీవాడి తప్పేం లేదు. అంటు మొక్క అంటే అసలు సిసలు క్లోనే. మంచి చెట్టు కొమ్మ తెచ్చి, పిక్కతో మొలిచిన మొక్క మీద కడతారు. పైన ఒక చెట్టు, కింద ఇంకో చెట్టు. కట్టు పైన వచ్చేదంతా మంచి రకం. కట్టు కింద నుంచి వచ్చే చిగురు పిక్క మొక్కది, అది ఏ గుణంతో వస్తుందో ఎవరూ చెప్పలేరు. దాన్ని వదిలేస్తే బలమంతా అది లాగేసుకుంటుంది, పైనున్న క్లోన్ కుంగిపోతుంది. సువర్ణరేఖ మామిడి అంటుకైనా ఇదే లెక్క.

కాబట్టి ఈ వానాకాలం అంటు వేసేవాళ్ళు వినండి. కట్టు ఉన్నచోటు మట్టిలోకి పోకుండా రెండు మూడు వేళ్ళ పైకి ఉండేలా నాటండి. చుట్టిన ప్లాస్టిక్ పట్టీ అతికాక తీసేయండి, లేకపోతే కాండాన్ని కోసేస్తుంది. గాలికి ఊగకుండా కర్ర ఊతం పెట్టండి. కట్టు కింద చిగురు కనపడితే ఎంత ఏపుగా ఉన్నా, ఎంత ముద్దొచ్చినా గిల్లేయండి. మా బావ చెట్టుకి ఆ కింది కొమ్మ ఇప్పుడు మణికట్టు లావైంది, గిల్లడం కుదరదు, ఆదివారం రంపం పట్టుకుని వెళ్తున్నాను. నమస్కారం.